ఇంటికొచ్చిన బొమ్మ: తెలుగు హోమ్ వీడియో, నారాయణపేట సీమలో దాని నడక

థియేటర్‌లో ఆడిన సినిమాను ఇంట్లో చూసుకునేందుకు క్యాసెట్టుగానో, డిస్కుగానో, ఇంటర్నెట్ ప్రసారంగానో మళ్లీ విడుదల చేయడాన్ని హోమ్ వీడియో అంటారు. దీనికి తెలుగు పేరంటూ నిలవలేదు. జనం వస్తువు పేరుతోనే పిలుచుకున్నారు. ఎనభైల్లో ‘క్యాసెట్టు వచ్చిందా’ అన్నారు, 2000 తర్వాత ‘సీడీ పడిందా’ అన్నారు, ఇప్పుడు ‘ఓటీటీల ఎప్పుడొస్తది’ అంటున్నారు. అడిగేది ఒక్కటే, టికెట్టు కొనకుండా ఆ బొమ్మ మన దాకా ఎన్నాళ్లకు వస్తుందని.

హోమ్ వీడియో చరిత్రను మామూలుగా అమ్మకాల లెక్కతో చెబుతారు. పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా వైపు ఆ లెక్క పనికిరాదు. ఇక్కడ సినిమా వీడియో అలమరలో దాచుకునే సరుకు కాలేదు. కిరాయికి తెచ్చి, వాడకట్టంతా కూర్చుని చూసి, తెల్లారి వాపసు ఇచ్చే సరుకుగానే బతికింది. ‘హోమ్’ అన్న మాట ఈ నేల మీద సగమే నిజం. ఆ తేడాను పట్టుకుంటే తెలుగు వీడియో మార్కెట్ ఎందుకు అంత త్వరగా లేచి అంత త్వరగా కూలిందో తేలిగ్గా అర్థమవుతుంది.

నేల, దూరం, ఎదురుచూపు

నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి జిల్లా అయింది. మక్తల్, కోస్గి, మద్దూరు, ఊట్కూరు, దామరగిద్ద, ధన్వాడ, మరికల్, నర్వ, మాగనూరు, కృష్ణా దీని మండలాల్లో కొన్ని. పడమర సరిహద్దు దాటితే కర్ణాటక. ‘నారాయణపేట రోడ్’ అని బోర్డున్న రైల్వేస్టేషన్ నారాయణపేటలో లేదు, కర్ణాటకలోని సైదాపూర్‌లో ఉంది. చేనేత చీరలకు పేరుపడ్డ ఈ పట్నంలో తెలుగుతో పాటు కన్నడ, మరాఠీ, ఉర్దూ ఇళ్లలో వినబడతాయి. శివాజీ సేనతో వచ్చిన నేతగాళ్లు కొందరు ఇక్కడే ఆగిపోయారని పెద్దలు చెప్పుకుంటారు.

సినిమా వ్యాపారంలో ఈ ప్రాంతం నైజాం ఏరియా. పంపిణీదారులు ఊళ్లను ఏ, బీ, సీ సెంటర్లుగా విడదీసేవాళ్లు. ప్రింట్లు తక్కువ. కొత్త సినిమా ముందు హైదరాబాద్‌లో, తర్వాత జిల్లా కేంద్రాల్లో ఆడి, గీతలు పడి, అతుకులు వేసుకుని చిన్న ఊళ్లకు చేరేది. పెద్ద హీరో సినిమా సీ సెంటర్‌కు రావడానికి నెలలు పట్టిన రోజులున్నాయి. వీడియో క్యాసెట్టు వచ్చి కొట్టింది ఈ ఎదురుచూపునే. హైదరాబాద్‌లో క్యాసెట్టు థియేటర్‌కు పోటీ, నారాయణపేట లాంటి చోట అది థియేటర్ కన్నా ముందొచ్చే చుట్టం.

తెర మీది బొమ్మ ఊళ్లోకి నడిచి రావడం ఈ జిల్లాకు అంతకు ముందే ఎరుక. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఇస్రో, ఆకాశవాణి కలిసి ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించాయి. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, పక్కనున్న రాయచూరు, గుల్బర్గా కూడా అందులో ఉన్నాయి. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977 అక్టోబర్ 23న. అంటే రాజధాని కన్నా ముందే పాలమూరు పల్లెల్లో కొన్ని టీవీ చూశాయి. అది కూడా పంచాయతీ దగ్గరో బడి దగ్గరో పెట్టిన ఒకే పెట్టె ముందు, ఊరంతా గుమిగూడి. వీడియోకు ఈ ప్రాంతం అలవాటు పడిన తీరు అక్కడే మొదలైందనుకోవచ్చు.

క్యాసెట్టు

సోనీ బీటామ్యాక్స్ 1975లో, జేవీసీ వారి వీహెచ్‌ఎస్ 1976లో జపాన్ మార్కెట్‌లోకి వచ్చాయి. బొమ్మ నాణ్యతలో బీటాకే పేరున్నా, ఎక్కువసేపు రికార్డయ్యే వీహెచ్‌ఎస్ గెలిచింది. మనకు ఈ నిడివి విషయం మరీ ముఖ్యం. హాలీవుడ్ సినిమా గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది. తెలుగు సినిమా రెండున్నర గంటలు, పౌరాణికమైతే మూడు.

మన దగ్గర వాడిన వీహెచ్‌ఎస్ క్యాసెట్లలో ఎక్కువగా కనబడిన రకం ఇ-180. అరంగుళం వెడల్పు, దాదాపు 258 మీటర్ల పొడవున్న టేపు, మూడు గంటలు నడుస్తుంది. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు, మన టీవీ అనుసరించిన పాల్ పద్ధతి 25 ఫ్రేములది. కాబట్టి వీడియోకు ఎక్కించినప్పుడు సినిమా నాలుగు శాతం వేగంగా పరుగెత్తేది. 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో ముగిసేది, పాట శ్రుతి ఒక పిసరు పెరిగేది. చెవి పదునున్న వాళ్లకు రేడియోలో విన్న ఘంటసాల, క్యాసెట్టులో విన్న ఘంటసాల ఒక్కలా అనిపించకపోవడానికి ఇదొక కారణం. ఆ వేగం వల్లే 184 నిమిషాల ‘మాయాబజార్’ ఒక్క క్యాసెట్టులో సరిపోతుంది. మూడు గంటల నలభై నిమిషాలు దాటే ‘దానవీరశూరకర్ణ’కు ఏ వేగమూ సాయపడలేదు. రెండో క్యాసెట్టు పెట్టాల్సిందే, లేదంటే దుకాణం వాడు ఏ పద్యం దగ్గరో కత్తెర వేయాల్సిందే.

ఢిల్లీ ఆసియా క్రీడలు జరిగిన 1982లో రంగుల టీవీ దేశంలో అడుగుపెట్టింది. టీవీలు, వీసీఆర్‌లు విదేశాల నుంచి తెచ్చుకునే వీలు పెరిగింది. గల్ఫ్ దేశాలకు పనికి పోయినవాళ్లు సెలవుకొచ్చేటప్పుడు టేప్‌రికార్డర్, సెంటు సీసాల తర్వాత తెచ్చిన పెద్ద సామాను వీసీఆర్. కరీంనగర్, నిజామాబాద్ ఊళ్లకు యంత్రం ఎక్కువగా ఆ దారినే వచ్చింది. పాలమూరు వలస దుబాయికి కన్నా బొంబాయి, పుణెలకే ఎక్కువ. కోస్గి, మద్దూరు, దామరగిద్ద వైపు నుంచి ఇళ్లకు తాళాలేసి మట్టిపనికీ, కట్టడాల పనికీ పోయే కుటుంబాలను ఎక్కించుకునే బస్సులు రాత్రంతా నడిచేవి. డ్రైవర్ వెనక ఎత్తుగా టీవీ బిగించిన వీడియో కోచ్‌లు ఎనభైల చివర్లో రోడ్లెక్కాయి. వలస పోయేవాడికి అదీ హోమ్ వీడియోనే, ఇల్లే వెంట లేదు.

కిరాయి దుకాణంలో క్యాసెట్టు చేతికి తీసుకుంటే ముందుగా చూడాల్సింది దాని వీపు. ఎడమ మూలన చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది విరిచేస్తే ఆ క్యాసెట్టు మీద మళ్లీ రికార్డు చేయడం కుదరదు. దుకాణాదారు కొత్త క్యాసెట్టు రాగానే గోరుతోనో స్క్రూడ్రైవర్‌తోనో దాన్ని పుటుక్కున విరిచేవాడు. ఆ గుంత మీద అంగుళం సెల్లోటేపు అతికిస్తే యంత్రం మోసపోతుంది, తిరిగి రికార్డు చేసుకోవచ్చు. అందుకే వాపసు తీసుకునేటప్పుడు అక్కడ బొటనవేలితో తడిమి చూసేవాడు. జిగురు తగిలిందా, తగాదా మొదలు. రెండో పరీక్ష, టేపును మొదటికి చుట్టి తెచ్చారా లేదా. చుట్టకపోతే రూపాయో రెండో ఎక్కువ. మూడోది క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు ముడతలు. పదుల చేతులు మారిన క్యాసెట్టులో అందరూ వెనక్కి తిప్పి చూసిన పాట దగ్గరే ముడత ఉంటుంది. అక్కడికి రాగానే తెర అడుగున తెల్లటి గీతలు పరుగెడతాయి. ఏ సినిమాలో జనానికి ఏది నచ్చిందో పత్రికల సమీక్షల కన్నా ఆ గీతలు బాగా చెప్పేవి.

యంత్రాన్ని మాత్రం ఎవరో కొద్దిమందే కొన్నారు. మిగతావాళ్లంతా టీవీ, ‘డెక్కు’ అని పిలిచే వీసీఆర్, మూడు క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి కిరాయికి తెచ్చుకున్నారు. వినాయక చవితి నవరాత్రులే దీనికి పెద్ద సీజను. మండపం ముందు బల్ల, దాని మీద టీవీ, పక్కన కరెంటు పోతే అందుకునే జనరేటర్. చందాలో వీడియోకు కొంత తీసి పెట్టేవాళ్లు. వరుస కూడా దాదాపు స్థిరం: ముందు ఒక భక్తి సినిమా, అది పెద్దల కోసం. తర్వాత హీరోది ఫైటింగు సినిమా. మూడోది ఏదన్నది కుర్రాళ్లకూ డెక్కు కిరాయి అబ్బాయికీ మధ్య రహస్యం. రెండో సినిమా సగానికి ఆడవాళ్లు పిల్లల్ని భుజాన వేసుకుని లేస్తారు. నడిజాములో బొమ్మ మసకబారితే ఆ అబ్బాయి మూత విప్పి, స్పిరిట్ అద్దిన గుడ్డతో హెడ్డు తుడిచి, మళ్లీ పెడతాడు. ఆ పది నిమిషాలు ఊరంతా ఊపిరి బిగబట్టి అతని వేళ్లనే చూసేది. ఊళ్లో అప్పటికి అంతటి గౌరవం డాక్టర్‌కే ఉండేది.

చట్టం ఈ వేడుకను ఒప్పుకోలేదు. 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి వీడియో ఫిల్మును సినిమా నిర్వచనంలోకి తెచ్చారు. వీడియో మీద సెన్సార్ సర్టిఫికెట్ ప్రతి, తయారు చేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు అనుమతి పొందినట్టు ప్రకటన కనబడాలని 52ఏ సెక్షన్ చెబుతుంది. ఇంట్లో చూసుకోమని ఇచ్చిన హక్కు నలుగురిలో ప్రదర్శించడానికి చెల్లదు. ఈ లెక్కన నవరాత్రుల వీడియోలన్నీ తప్పు కిందే వస్తాయి. చట్టం రాసినవాళ్ల ఊహలో ఇల్లు అంటే నాలుగు గోడలు. గల్లీ మొత్తం ఒక ఇల్లుగా సినిమా చూసే చోట గీత ఎక్కడ గీయాలో ఎవరికీ తెలియలేదు.

బయటి దేశాల దారి

అమెరికా తెలుగువాళ్లకు మరో చిక్కు. అక్కడి టీవీ ఎన్‌టీఎస్‌సీ పద్ధతిది. హైదరాబాద్ నుంచి సూట్‌కేసులో పట్టుకెళ్లిన పాల్ క్యాసెట్టు అక్కడి యంత్రంలో నల్లటి చారలు తప్ప ఏమీ చూపించదు. మార్చి ఎక్కించాలి. అక్కడ దొరికే టీ-160 క్యాసెట్టు మామూలు వేగంలో రెండు గంటల నలభై నిమిషాలే. ఇండియన్ కిరాణా దుకాణాల్లో పప్పు, చింతపండు అరల పక్కన క్యాసెట్లు కిరాయికి పెట్టడం ఇలా మొదలైంది. ఆ తర్వాత డీవీడీలొచ్చాయి. భవానీ వంటి సంస్థల పేర్లు ప్రవాస ఇళ్లలో హీరోల పేర్లంత పరిచయం. డీవీడీకి ప్రాంతాల సంకేతం పెట్టారు, అమెరికా 1, భారత్ 5. తెలుగు డిస్కులు ఎక్కువగా ఏ సంకేతమూ లేకుండా వచ్చి ఈ తలనొప్పి తప్పించాయి.

డిస్కు: వెలుగు, చౌక, మరకలు

వీసీడీ ప్రమాణాలను 1993లో ఖరారు చేశారు. ఒక డిస్కు 74 నిమిషాలు. తెలుగు సినిమాకు రెండు, ఒక్కోసారి మూడు డిస్కులు పట్టేవి. మొదటి డిస్కు ఇంటర్వెల్ దగ్గర ఆగేది కాదు, ఎక్కడ నిండితే అక్కడ ఆగేది, డైలాగు నడుమ కూడా. అయినా గీతలు పడే టేపు పోయి, చైనా ప్లేయర్లు చవకగా దొరకడంతో 2000 దశకం మొదట్లో వీసీడీ పల్లె దాకా పోయింది. 1996లో జపాన్‌లో పుట్టిన డీవీడీ బొమ్మలో చాలా మేలు. వీసీడీ 352×288 చుక్కలైతే, పాల్ డీవీడీ 720×576.

తెలుగులో శ్రీబాలాజీ వీడియో, వోల్గా వీడియో, షాలిమార్ వంటి సంస్థలు పాతకొత్త సినిమాలను డిస్కుల మీద వేశాయి. వాటి సేవను తక్కువ చేయలేం, ఎన్నో పాత సినిమాలు ఇవాళ కనబడుతున్నాయంటే వాటి పుణ్యమే. పని మాత్రం మొరటుగా జరిగింది. ‘అల్లూరి సీతారామరాజు’తో 1974లో తెలుగు సినిమా స్కోపు అయింది. వెడల్పు ఎత్తుకు రెండింతల కన్నా ఎక్కువ. అప్పటి టీవీ దాదాపు చతురస్రం. తెర నిండాలని రెండు పక్కలా కోసేసి ఎక్కించారు. హీరో, విలన్ ఎదురెదురుగా నిలబడి సవాళ్లు విసురుకునే ఘట్టంలో ఇద్దరి ముక్కులే మిగిలి, నడుమ ఖాళీ గోడ కనబడిన డిస్కులున్నాయి. పైగా మూలన సినిమా పొడవునా సంస్థ ముద్ర. ఒక్క డిస్కులో మూడు సినిమాలు కుక్కి చుక్కలు చుక్కలుగా చేయడం సరేసరి.

ధర తగ్గించి దొంగ కాపీలను ఓడించాలన్న గట్టి ప్రయత్నం ఒకటే జరిగింది. ఖాళీ డిస్కులు చేసే మోజర్ బేర్ 2007 నాటికి సినిమాల్లోకి దిగి వీసీడీ 28 రూపాయలు, డీవీడీ 34 రూపాయలకు అమ్మింది. కిరాణా కొట్లలో వేలాడదీసిన ఆ డిస్కులే చిన్న ఊళ్లలో సామాన్యుడు డబ్బు పెట్టి కొన్న మొదటి అసలు కాపీలు. కొన్నాళ్లే సాగింది. దివాలా ప్రక్రియలోకి పోయిన ఆ కంపెనీని 2018లో మూసివేతకు పంపారు. ఈలోగా మొబైల్ దుకాణాలు మెమొరీ కార్డు తీసుకుని, పావుగంటలో పది సినిమాలు ఎక్కించి ఇవ్వడం మొదలుపెట్టాయి. కొనుక్కోవడం అలవాటు కాకముందే కొనాల్సిన వస్తువే మాయమైంది.

దొంగ డిస్కు ఎంత దూరం పోగలదో 2013లో పెడన చూపించింది. కలంకారీ అద్దకానికి పేరున్న ఆ కృష్ణా జిల్లా పట్నంలో, ఇంకా విడుదలే కాని ‘అత్తారింటికి దారేది’ తాలూకు దాదాపు గంటన్నర భాగం సీడీ దుకాణాల్లో అమ్ముడైంది. అక్టోబర్‌లో రావలసిన సినిమాను సెప్టెంబర్ 27కే విడుదల చేశారు. సగం ముందే చూసినవాళ్లు కూడా మిగతా సగానికి థియేటర్‌కు వచ్చారో ఏమో, అది ఆ ఏడాది పెద్ద హిట్లలో ఒకటయింది. థియేటర్‌లో దొంగచాటుగా రికార్డు చేసేవారికి 2023 నాటి సినిమాటోగ్రాఫ్ సవరణ కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా విధిస్తుంది.

బ్లూరే తెలుగు ఇళ్లకు దాదాపు రాలేదనే చెప్పాలి. తమాషా ఏమంటే మన సినిమాకు చక్కటి బ్లూరేలు కావాలంటే జపాన్ వైపు చూడాలి. ‘ఈగ’ 2013లో, ‘బాహుబలి’ రెండో భాగం 2017 చివర్లో, ‘ఆర్‌ఆర్‌ఆర్’ 2022 అక్టోబర్‌లో అక్కడ థియేటర్లకెక్కాయి. తర్వాత అట్టపెట్టె, చిన్న పుస్తకం, జపనీస్ ఉపశీర్షికలతో డిస్కులై అలమరల్లోకి చేరాయి. జర్మనీలోనూ ‘బాహుబలి’ డిస్కుగా వచ్చింది. తెలుగు సినిమాను కొని దాచుకునే అలవాటు తెలుగు రాని చోట బలంగా ఉంది.

56 రోజులు

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక ఫోన్‌లో సినిమా చూడటం ఖరీదైన పని కాకుండా పోయింది. నెట్‌ఫ్లిక్స్ ఆ ఏడాది జనవరిలో, అమెజాన్ ప్రైమ్ వీడియో డిసెంబర్‌లో భారత్‌లో మొదలయ్యాయి. అప్పట్లో తెలుగుకే పరిమితమైన ‘ఆహా’ 2020 ఉగాదికి లాంఛనంగా ప్రారంభమైంది. అదే వారం లాక్‌డౌన్. థియేటర్లు మూతపడటంతో ‘అమృతరామమ్’ ఏప్రిల్ 29న, నాని నటించిన ‘వి’ సెప్టెంబర్ 5న నేరుగా ఓటీటీలోనే విడుదలయ్యాయి. వెంకటేష్ ‘నారప్ప’ 2021 జులైలో అదే బాట పట్టింది. సినిమా పుట్టుకే హోమ్ వీడియోగా జరగడం తెలుగులో పెద్ద ఎత్తున అప్పుడే.

ఇక థియేటర్‌కూ ఇంటికీ మధ్య ఎన్ని రోజులన్నది పరిశ్రమలో పెద్ద తగాదా అయింది. ‘పుష్ప’ మొదటి భాగం 2021 డిసెంబర్ 17న థియేటర్లలోకి వచ్చి, జనవరి 7న ప్రైమ్‌లో ప్రత్యక్షమైంది. సరిగ్గా 21 రోజులు. సీ సెంటర్ థియేటర్‌లో ఇంకా పోస్టరు తడి ఆరకముందే ఫోన్‌లో సినిమా. 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులు ఆపి కూర్చుని చర్చించిన వాటిలో ఇదొకటి. ఎనిమిది వారాలు ఆగాలన్నది ఫిల్మ్ చాంబర్ తేల్చిన మాట. ‘ఆర్‌ఆర్‌ఆర్’ అప్పటికే మార్చి 25 నుంచి మే 20 వరకు 56 రోజులు ఆగి చూపించింది. ‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న వచ్చి ఆగస్టు 22న, ‘పుష్ప 2’ డిసెంబర్ 5న వచ్చి 2025 జనవరి 30న ఇంటికి చేరాయి. రెండూ 56 రోజులే. చిన్న సినిమాలు ఈ కట్టుబాటును పెద్దగా పట్టించుకోవు. రెండో వారానికే బొమ్మ దిగిపోయే సినిమా ఎనిమిది వారాలు ఆగి ఎవరికోసం?

‘పుష్ప 2’ నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చేటప్పుడు థియేటర్‌లో మొదట చూపించని దృశ్యాలు కలుపుకుని వచ్చింది. క్యాసెట్టు కాలంలో ఇంటి కాపీ కత్తిరింపులు పడి వచ్చేది, ఇప్పుడు ఇంటి కాపీయే పొడవు. వలస బస్సులో పైన బిగించిన ఒకే తెర పోయి సీటుకో ఫోను వచ్చింది. అయినా కిరాయి బుద్ధి మారలేదు. ఓటీటీ చందా కూడా కిరాయే, నెల కట్టకపోతే సినిమా పోయె. ఒకరి పాస్‌వర్డుతో నాలుగిళ్ల వాళ్లు చూడటం వాడకట్టు వీడియోకు కొత్త రూపం. కంపెనీలు దీన్ని దుర్వినియోగమంటాయి. డెక్కుకు చందాలేసుకున్న ఊరికి అది పొత్తు.

మిగిలినవి

పాత సినిమాల సంగతి అంత బాగాలేదు. నిర్మాతలు చాలామంది నెగటివ్ హక్కులను ఏకమొత్తానికి అమ్మేసుకున్నారు, అవి చేతులు మారాయి. ఒకే సినిమా రెండు మూడు యూట్యూబ్ చానెళ్లలో వేర్వేరు నిడివుల్లో కనబడటానికి మూలం అదే. చాలావాటికి యూట్యూబ్ కాపీ వెనకటి డీవీడీదే, మూలన పాత ముద్ర అలాగే ఉంటుంది. మరోవైపు 2022 ఆగస్టులో ‘పోకిరి’ ప్రత్యేక ప్రదర్శనలతో మొదలై పాత హిట్లు శుభ్రం చేసిన 4కె ప్రింట్లతో థియేటర్లకు తిరిగొస్తున్నాయి. ఫోన్‌లో ఎప్పుడంటే అప్పుడు దొరికే సినిమాకు జనం టికెట్టు కొని, పాట రాగానే తెర ముందుకు పోయి ఆడుతున్నారు. నవరాత్రుల వీడియోను చూసినవాళ్లకు ఇందులో వింతేమీ కనబడదు.

వీసీఆర్ తయారీలో చివరిదాకా నిలిచిన జపాన్ కంపెనీ ఫునాయి 2016 జులైలో ఆపేసింది. టేపు మీది అయస్కాంత పూత ఏళ్లు గడిచేకొద్దీ రాలిపోతుంది, అటకల మీద బూజు పడుతుంది. ఫొటో స్టూడియోలు కొన్ని ఇప్పటికీ పాత క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తాయి. అక్కడికి సినిమా క్యాసెట్టు పట్టుకొచ్చేవాళ్లు అరుదు, తెచ్చేవన్నీ పెళ్లి క్యాసెట్లే. కొన్నిటి వీపున విరిగిన పలక మీద పాత సెల్లోటేపు పసుపు పచ్చగా మారి ఉంటుంది. అప్పగింతలయ్యాక తెర ఒక్క క్షణం నీలంగా మారుతుంది. ఆ వెంటనే ఏదో సినిమా, సగం పాటలోంచి.